వెబ్ ఆప్షన్లు పెట్టని ఆ రాత్రి

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇచ్చాం): గురువు గారికి నమస్కారాలు. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. 2022లో ఇంటర్ బైపీసీ పాసై, ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని 2023లో ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్ రాసి అర్హత సాధించాను. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కు ఫీజు కట్టి సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేశాను. మెరిట్ లిస్టులో పేరు కూడా వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాయిన రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని తేలి, వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. అమ్మకు బస్సు బోర్డు చదవరాదు. తమ్ముడు అప్పుడు ఏడో తరగతి. కావలసిన కళాశాలలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లకు ఆఖరి రాత్రి లాగిన్ అయి, కళాశాలల పేర్లు చూస్తూ చాలాసేపు కూర్చుని, ఒక్కటీ పెట్టకుండానే మూసేశాను. తర్వాత నల్లగొండలో ఒక ప్రైవేటు కళాశాలలో బీఎస్సీలో చేరి, మొన్ననే చివరి సెమిస్టరు పరీక్షలు రాశాను. ఇప్పుడు మళ్లీ నీట్ రాయాలని ఉంది. కానీ మాకు తెలిసిన ఒకాయన, కౌన్సెలింగ్ ఒకసారి వదిలేసిన వాళ్ల పేరు బ్లాక్‌లో పడుతుందని, ఇక మేనేజ్‌మెంట్ సీటే దిక్కని, తాను మాట్లాడి పెడతానని అంటున్నాడు. అది నిజమేనా? మధ్యలో మూడేళ్లు పోయినందుకు, రాష్ట్రంలో స్థానికులకిచ్చే సీట్ల మీద నాకున్న లోకల్ హక్కు పోతుందా? 21 ఏళ్లకు మళ్లీ మొదలుపెట్టడం తెలివితక్కువ పనా?

సమాధానం:

బిడ్డా, నీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ భయం ఆ ‘బ్లాక్’ అనే మాట దగ్గర కనిపించింది కాబట్టి ముందు దాన్నే తేల్చుకుందాం. నీ పేరు ఏ జాబితాలోనూ పడలేదు. నీట్ దరఖాస్తు ఏ ఏటికి ఆ ఏడే. వచ్చేసారి కొత్త దరఖాస్తు నంబరు, కొత్త హాల్‌టికెట్, కొత్త ర్యాంకు వస్తాయి తప్ప, 2023లో నువ్వు ఎక్కడ ఆగిపోయావో అడిగే గడి ఆ ఫారంలో లేదు. ఎన్నిసార్లు రాయవచ్చన్న దానికి పరిమితి లేదు. గరిష్ఠ వయోపరిమితిని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ఎత్తివేసింది కాబట్టి, 21 కాదు, 31 ఏళ్లు ఉన్నా నువ్వు దరఖాస్తు చేసుకోవచ్చు.

జరిమానాలు అసలు లేవని కాదు, ఉన్నాయి. అయితే అవి సీటు తీసుకుని వదిలేసిన వారికి. అఖిల భారత కోటాలో చివరిదైన స్ట్రే రౌండులో సీటు వచ్చాక చేరకపోతే డిపాజిట్ పోవడమే కాక మరుసటి ఏడాది నీట్ రాయనివ్వరు. రాష్ట్ర కౌన్సెలింగ్‌లోనూ సీటులో చేరి, గడువు దాటిన తర్వాత మానేసిన వారి నుంచి సొమ్ము వసూలు చేస్తారు, ఎందుకంటే వారు వదిలిన సీటు ఇంకొకరికి అందకుండా ఖాళీగా మిగిలిపోతుంది. నువ్వు ఒక్క ఆప్షన్ కూడా పెట్టలేదు కాబట్టి నీకు సీటు కేటాయించనే లేదు, నీ వల్ల ఎవరి సీటూ పోలేదు. నీ తర్వాతి ర్యాంకు వాళ్లు ఒక మెట్టు ముందుకు జరిగారు, అంతే. నీకు ఆ మాట చెప్పిన మనిషి తెలియక చెప్పాడని నేను అనుకోవడం లేదు, ‘నేను మాట్లాడి పెడతాను’ అన్న మాట వెంటనే వచ్చింది చూడు, ఆయన సరుకు అదే. దయచేసి ఆయనకు నీ లాగిన్ వివరాలు గానీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు గానీ, అడ్వాన్సు పేరుతో ఒక్క రూపాయి గానీ ఇవ్వవద్దు.

2023 నాటి మార్కులు మన దేశంలో ప్రవేశాలకు ఇప్పుడు చెల్లవు. మళ్లీ రాయక తప్పదు. బీఎస్సీ మార్కులు లెక్కలోకి రావు, ఇంటర్వ్యూ ఉండదు, మూడేళ్లు ఏం చేశావని ఎవరూ అడగరు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వారికి 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉంటే చాలు, అది నీకు అప్పుడే ఉంది.

లోకల్ హక్కు విషయంలో నువ్వు నిశ్చింతగా ఉండవచ్చు. 2024లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన 33వ నంబరు జీవో ప్రకారం, ఇంటర్ పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా, తెలంగాణలో చదివి ఉండాలి. ఆ లెక్క ఇంటర్‌తో ఆగిపోతుంది కాబట్టి ఆ తర్వాత నువ్వు డిగ్రీ చదివినా, ఇంట్లో కూర్చున్నా, ఎక్కడ కోచింగ్ తీసుకున్నా తేడా లేదు. ఈ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. నీది కాని ఒక సంగతి ఇక్కడే చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే ఈ జవాబు మన సరిహద్దు ఊళ్లలోని తల్లిదండ్రులు కూడా చదువుతారు. గద్వాల నుంచి కర్నూలుకు, నారాయణపేట, మక్తల్ నుంచి రాయచూరుకు, కోదాడ, హుజూర్‌నగర్ నుంచి విజయవాడకు పిల్లలను ఇంటర్‌కు పంపేవారు, బస్సు దగ్గరనో కళాశాలకు పేరుందనో పంపుతున్నారు, కానీ ఆ రెండేళ్లతో పిల్లల లోకల్ హక్కు చేజారే ప్రమాదం ఉంది. లాంగ్‌టర్మ్‌కు పంపండి, ఇబ్బంది లేదు. ఇంటర్‌కు మాత్రం పంపేముందు ఆ జీవో ఒకసారి చదివించుకోండి.

ఇక నువ్వు ఈ నెలలోనే చేయవలసిన పని సర్టిఫికెట్లది. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, వీటిలో ఎన్ని నీ చేతిలో ఉన్నాయో, ఎన్ని ఆ ప్రైవేటు కళాశాల బీరువాలో ఉన్నాయో నువ్వు రాయలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని, ఆ సొమ్ము కడితే తప్ప కాగితాలు ఇవ్వబోమని అనే కళాశాలలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) స్పష్టంగా చెప్పింది. ఆ నోటిఫికేషన్ ప్రతిని జతచేసి, ప్రిన్సిపల్ పేరిట లిఖితపూర్వకంగా అర్జీ పెట్టి, అందినట్లు ముద్ర వేయించుకో. నోటితో అడిగితే ‘రేపు రా’ అంటారు.

దీని మీద నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్లూ, రిటైరైన తర్వాత కూడా, కౌన్సెలింగ్ రోజుల్లో పిల్లల పక్కన కూర్చోవడం నాకు అలవాటు. ఒక ఏడాది అచ్చంపేట వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ల అమ్మ కాగితాలన్నీ విత్తనాల కంపెనీ ఇచ్చిన రెక్సిన్ సంచిలో, వానకు తడవకుండా పైన యూరియా సంచి ప్లాస్టిక్ చుట్టి తెచ్చింది. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పరుస్తుంటే అన్నీ ఉన్నాయి, టీసీ తప్ప. అది ఒక డిగ్రీ కళాశాలలో ఉంది, ఆ ఆఫీసులో గుమాస్తా సెలవులో ఉన్నాడు, తాళం ఆయన దగ్గరే ఉంది. ఆ అబ్బాయికి చివరికి సీటు వచ్చింది, కానీ ఆ రెండు రోజుల్లో ఆ తల్లి పడిన యాతన చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, జూన్‌లో తెచ్చుకోగలిగిన కాగితాన్ని ఆఖరి రోజు దాకా వదిలిపెట్టకు. నువ్వు బీసీ అయితే అఖిల భారత కోటా కోసం కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరుగా తీసుకోవాలి, రాష్ట్ర కుల ధ్రువీకరణ అక్కడ సరిపోదు.

పరీక్ష కూడా నువ్వు రాసిన నాటిది కాదు. 2023లో నీకు ప్రతి సబ్జెక్టులో బి సెక్షన్ ఉండేది, 15 ప్రశ్నల్లో నీకు నచ్చిన 10 రాసే వీలుండేది, సమయం 200 నిమిషాలు. 2025 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు: 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, అన్నీ తప్పనిసరి. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. సిలబస్ సైతం 2024 పరీక్ష నుంచి మారింది. నీ పాత నోట్సులో పేజీలకు పేజీలు రాసుకున్న ఘనస్థితి, ఉపరితల రసాయనం, పాలిమర్లు, మొక్కలలో రవాణా, జీర్ణక్రియ వంటి పాఠాలు ఇప్పుడు లేవు. ఫిజిక్స్‌లో ప్రయోగ నైపుణ్యాలు అని కొత్తగా ఒక భాగం చేరింది. కాబట్టి అటక మీది నోట్సు దించి దుమ్ము దులపడంతో మొదలుపెట్టకు. జాతీయ వైద్య కమిషన్ ప్రకటించిన తాజా సిలబస్ ప్రింటు తీసి గోడకు అంటించుకో, కొత్త ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తెచ్చుకో, ఆ తర్వాత పాత నోట్సులో పనికొచ్చేవి ఏరుకో. పరీక్ష తెలుగులో రాసే వీలుంది, ప్రశ్నపత్రంలో ఇంగ్లిషు కూడా పక్కనే ఉంటుంది. అయితే మూడేళ్లుగా నువ్వు డిగ్రీ ఏ మాధ్యమంలో చదివావో అదే నీకు చేతికి అలవాటైన భాష, మళ్లీ మార్చుకోవడానికి ఇది సమయం కాదు.

పాత మార్కుల గురించి ఒక మాట. ‘అప్పుడు ఆప్షన్లు పెట్టి ఉంటే సీటు వచ్చేది’ అని మీ బంధువులు అంటున్నారని రాశావు. ఆ లెక్కలు తీయవద్దు, వాటితో ఉపయోగం లేదు. 2024లో ఒకరిద్దరు కాదు, చాలామంది 720కి 720 తెచ్చుకున్నారు. 2025లో పేపరు, ముఖ్యంగా ఫిజిక్స్, కఠినంగా రావడంతో దేశంలో మొదటి ర్యాంకుకే 686 మార్కులు వచ్చాయి. జనరల్ అర్హత మార్కు 2023లో 137, 2024లో 162, 2025లో 144. మార్కులు ఇలా ఏటేటా ఎగుడుదిగుడు అవుతుంటే, ఫలానా మార్కులు వస్తే ఫలానా కళాశాల అనే జోస్యాలకు అర్థం లేదు. చూడవలసింది ర్యాంకు. పైగా అర్హత సాధించడం వేరు, ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో తక్కువ ఫీజుకు ఇచ్చే కన్వీనర్ కోటాలో సీటు రావడం వేరు. ఈ రెంటి మధ్య వందల మార్కుల దూరం ఉంటుంది. నువ్వు ఎంత దూరం నడవాలో తెలియాలంటే ఈ వారంలోనే 2025 ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, గడియారం పెట్టుకుని, మూడు గంటలు కూర్చుని రాసి, తప్పుకు ఒక మార్కు కోసేసి నిజాయితీగా లెక్కవేసుకో. ఎంత వచ్చినా ఏడవకు, అది మూడేళ్ల ఎడం తర్వాత రాసిన పరీక్ష.

కోచింగ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నీ పరిస్థితిలో పట్నంలో హాస్టల్లో ఉండి చదివే లాంగ్‌టర్మ్ నీకు వద్దు. డబ్బు ఒక్కటే కారణం కాదు. డయాలసిస్ రోజు వచ్చిన ప్రతిసారీ నీ మనసు ఇంటి దగ్గరే ఉంటుంది, నువ్వు కట్టిన ఫీజులో సగం అలా వృథా అవుతుంది. మూడేళ్లు బీఎస్సీ చదివినదానివి, బయాలజీ నీకు సొంతంగా వస్తుంది. నీకు కావలసింది ఫిజిక్స్ చెప్పే ఒక మంచి మనిషి, నెలకు కనీసం రెండు పూర్తి మాదిరి పరీక్షలు. నల్లగొండలో ఫిజిక్స్ ట్యూషన్ చెప్పేవారు దొరుకుతారు. మీ నాయినతో పాటు దవాఖానకు వచ్చే రోజునే ఆ ట్యూషన్ పెట్టుకోగలిగితే బస్సు చార్జీ కూడా కలిసివస్తుంది.

ఇప్పుడు ఆ రాత్రి దగ్గరికి వస్తాను. నీ ఉత్తరంలో నన్ను చాలాసేపు ఆపినది ఆ వాక్యమే: కళాశాలల పేర్లు చూస్తూ కూర్చుని, ఒక్కటీ పెట్టకుండా మూసేశానన్నది. నువ్వు దాన్ని పిరికితనం అన్నట్లు రాశావు. 18 ఏళ్ల పిల్ల, తండ్రి మంచాన ఉంటే, జాబితాలో ఆదిలాబాద్, నిజామాబాద్, మంచిర్యాల అని చదువుతూ, వీటిలో ఏది వచ్చినా ఇంటికి రాత్రి ప్రయాణమే కదా అని లెక్కవేసుకుని చేయి వెనక్కి తీసుకుంది. అందులో పిరికితనం నాకు కనిపించలేదు. కానీ ఒక విషయం ఆనాడు నీకు ఎవరూ చెప్పలేదు, అదే నాకు బాధగా ఉంది. వెబ్ ఆప్షన్లలో నువ్వు పెట్టిన కళాశాలలే నీకు వస్తాయి, పెట్టనిది ఎప్పటికీ రాదు. దూరం వద్దనుకుంటే దగ్గరివి మాత్రమే పెట్టుకుని ఊరుకునే స్వేచ్ఛ ఆ రాత్రి కూడా నీకు ఉంది. సీటు రాకపోయినా పోయేదేమీ లేదు.

నేను అధ్యాపకుడిగా చేరిన రోజుల్లో పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాల లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో వచ్చింది, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో, గద్వాల, నారాయణపేట, యాదాద్రి జిల్లాల్లో 2024లో వచ్చాయి. ఇందులో చివరి మూడూ నువ్వు లాగిన్ మూసేసిన తర్వాత వచ్చినవే. బీబీనగర్ ఎయిమ్స్ కూడా మీకు దగ్గరే, కాకపోతే దాని సీట్లు ఢిల్లీ నుంచి నడిచే అఖిల భారత కౌన్సెలింగ్‌లోనే నింపుతారు కాబట్టి అక్కడ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ప్రభుత్వ కళాశాలలో కన్వీనర్ సీటుకు ఏడాది ట్యూషన్ ఫీజు రూ.10,000, ప్రైవేటులో కన్వీనర్ సీటుకు రూ.60,000. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో ఉన్న ప్రైవేటు కళాశాలలను కన్వీనర్ కోటా కింద నువ్వు ఆప్షన్లలో పెట్టుకోవచ్చు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ‘నాకు ఇది రాదులే’ అని పెద్ద కళాశాలను కిందికి, ‘ఇది వస్తుంది’ అని చిన్నదాన్ని పైకి పెట్టకు. కంప్యూటరు నీ జాబితాను పైనుంచి చూసుకుంటూ వస్తుంది, నీ ర్యాంకుకు, నీ కేటగిరీకి అందిన మొదటిదాన్ని ఇచ్చి ఆగిపోతుంది. పైన ఉన్నది రాకపోతే దాని వల్ల కింద ఉన్నదాని అవకాశం తగ్గదు. నీకు నిజంగా ఏది ఎంత కావాలో అదే వరుసలో రాయి, నల్లగొండ మొదట కావాలంటే హైదరాబాద్ గాంధీ వైద్య కళాశాల కంటే ముందు నల్లగొండ పెట్టడానికి సంకోచించకు. మొదటి విడతలో సీటు వచ్చి చేరినా, తర్వాతి విడతలో అంతకంటే నీకు ఇష్టమైనదానికి మారే వీలుంటుంది. ఆ జాబితాను కౌన్సెలింగ్ రాత్రి కాదు, ఇప్పుడే ఒక తెల్లకాగితం మీద రాసుకుని, ఒక్కో కళాశాలకు ఎదురుగా మీ ఊరి నుంచి ఎన్ని బస్సులు మారాలో రాయి.

ఆ కాగితం పూర్తి కావాలంటే ఇంట్లో ఒక మాట తేలాలి, అది నువ్వు ఇంకా తేల్చుకోలేదని నీ ఉత్తరం చెబుతోంది. 2023లో నిన్ను ఆపింది దరఖాస్తు కాదు, నాయినను దవాఖానకు ఎవరు తీసుకుపోవాలన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా మళ్లీ ఫీజు కడితే, మళ్లీ అదే రాత్రి వస్తుంది. అయితే నువ్వు గమనించావో లేదో, ఆ రోజుకు, ఈ రోజుకు మీ ఇల్లు మారింది. అప్పుడు ఏడో తరగతి తమ్ముడు ఇప్పుడు పదిలోకి వచ్చాడు. పరీక్షల ఏడాది కాబట్టి వాడి మీద భారమంతా వేయవద్దు, కానీ సెలవు రోజు ఒకటి వాడు చూసుకోగలడు. మీ అమ్మకు బస్సు బోర్డు చదవరాదన్నావు. మూడేళ్లు నీ వెంట ఆ దారిన వెళ్లి వచ్చిన మనిషికి ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, డయాలసిస్ గదిలో ఏ నర్సును అడగాలో బోర్డుతో పనిలేకుండానే తెలిసి ఉంటుంది. వచ్చే నెలలో నాలుగుసార్లు నువ్వు ఇంటి దగ్గరే ఉండి, వాళ్లిద్దరినే పంపి చూడు. మొదటిసారి నీకే ఎక్కువ కష్టంగా ఉంటుంది.

మీ నాయినతో విడిగా మాట్లాడు. తన వల్లే కూతురి చదువు ఆగిందన్న బెంగ ఆయన నీకు చెప్పకుండా మోస్తూ ఉండవచ్చు. అలాంటి తండ్రులను నేను చూశాను, వాళ్లు మందులు కూడా సగమే వేసుకుంటారు. నువ్వు మళ్లీ రాస్తున్నావన్న మాట ఆయనకు బంధువుల ద్వారా కాక నీ నోటి ద్వారా తెలియాలి. పెళ్లి మాట కూడా ఎత్తుతున్నారని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఒక్క ఏడాది ఆగమని అడుగు, వచ్చే ఏడాది ఫలితాలు వచ్చే నెల దాకా అని తేదీతో సహా అడుగు. గడువు చెప్పి అడిగిన మాటను మన ఇళ్లలో కాదనడం కష్టం. ఆ గడువును నువ్వు కూడా పాటించాలి. వచ్చే మేలో మనసు పెట్టి రాసినా ర్యాంకు రాకపోతే ఎంఎస్సీయో, బీఈడీయో అప్పుడు ఆలోచిద్దాం, అందుకే ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాగానే తీసి దాచుకో.

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఒక ఏడాది హౌస్ సర్జన్. వచ్చే ఏడాది చేరితే నీకు 28 ఏళ్లు వచ్చేసరికి డాక్టరువి అవుతావు. మర్రిగూడలో ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగిన మీ నాయనమ్మను చూసే డాక్టరు కావాలనుకున్నానని రాశావు. ఫ్లోరైడ్ ఎముకల్లో ఏం చేస్తుందో పుస్తకంలో చదివే నాటికే ఇంట్లో చూసిన విద్యార్థులు తరగతిలో ఎక్కువమంది ఉండరు. మీ నాయిన పక్కన మూడేళ్లు కూర్చుని నువ్వు నేర్చుకున్నది కూడా ఏ సిలబస్‌లోనూ లేదు.

ముందు సర్టిఫికెట్ల అర్జీ పెట్టు, ఆదివారం 2025 పేపరు రాయి, అమ్మానాయినలను ఒకసారి వాళ్లిద్దరినే బస్సెక్కించు. ఈ మూడూ అయ్యాక పేపరులో ఫిజిక్స్‌కు ఎన్ని మార్కులు వచ్చాయో, ఏ పాఠాల్లో పోయాయో విడివిడిగా రాసి నాకు పంపు. దాన్ని చూసి ఆగస్టు నుంచి ఏ వరుసలో చదవాలో చెబుతాను.